పెద్ద అంబర్‌పేట దగ్గర పగలంతా బండ్లు నిలుపుకునే చోటు కావాలి: కలిసి ఒకే కారులో వెళ్లేవారు అనుభవాలు చెప్పండి

ప్రశ్న: హయత్‌నగర్ వాసి

నమస్కారం. మేం నలుగురం రెండేళ్లుగా ఒకే కారులో హైదరాబాద్ అవతలి కొసన ఉన్న నానక్‌రామ్‌గూడకు ఉద్యోగాలకు వెళ్లివస్తున్నాం. వచ్చే నెల నుంచి అది ఆగిపోయేలా ఉంది. కారు బాగానే ఉంది, మా మధ్య ఏ పేచీ లేదు. ముగ్గురి బండ్లు పగలంతా నిలిపి ఉంచే చోటు పోతోంది, అంతే. ఆ ఒక్కటీ లేకపోతే మిగతా ఏర్పాటంతా ఎంత త్వరగా చెదిరిపోతుందో ఈ వారం రోజులుగా చూస్తున్నాను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

కారు నాది. మిగతా ముగ్గురిలో ఒకావిడ వనస్థలిపురం నుంచి స్కూటీ మీద వస్తారు, ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తారు. ఒకాయన అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి, ఇంకో అబ్బాయి తట్టిఅన్నారం నుంచి మోటార్‌సైకిళ్ల మీద వస్తారు. పెద్ద అంబర్‌పేట కూడలికి కొంచెం ఇవతల కలుసుకుంటాం. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి ఎవరి బండైనా అక్కడ ఆగవలసిందే. ఉదయం 7.30కి కలిస్తే 7.40కల్లా ఔటర్ ఎక్కుతాం. శంషాబాద్ మీదుగా నానక్‌రామ్‌గూడ దాకా దాదాపు 60 కిలోమీటర్లు, గంట పడుతుంది. ఊళ్లోంచి వెళ్తే దూరం చాలా తక్కువే. కానీ ఎల్బీనగర్ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది, ఆఫీసులో కూర్చునేసరికి మిగతా సగం కూడా ఉండదు.

మెట్రో ఉంది కదా అంటారు. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగడం, అక్కడి నుంచి మళ్లీ ఆటో. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే వారికి అంతకంటే మంచి మార్గం లేదని నేనూ చెబుతాను. మా నలుగురిలో అలాంటివారు ఎవరూ లేరు.

ఖర్చు సంగతి చెబుతాను. రానూపోనూ 120 కిలోమీటర్లకు నా కారు ఏడు లీటర్ల పైన తాగుతుంది. ఆ పెట్రోలు ఖరీదు, రెండు వైపులా టోలు. అన్నీ కలిపి రోజుకు దగ్గరదగ్గర వెయ్యి. ఒక్కడినే అయితే నెలకు 22 వేలు రోడ్డు మీద పోయాలి, నా జీతానికి అది కుదరదు. నలుగురికి పంచితే తలకు 250. అకౌంట్స్ ఆవిడ చిన్న నోటు పుస్తకంలో రోజూ రాస్తారు: పెట్రోలు, టోలు, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు. నెలాఖరున లెక్క తేల్చుకుంటాం. నేను ఒక్క రూపాయి మిగుల్చుకోను.

మొదటి ఆరు నెలలు అందరినీ ఇళ్ల దగ్గరే ఎక్కించుకునేవాడిని. అది పెద్ద పొరపాటు. వనస్థలిపురం కాలనీలో సందు మలుపు తిప్పుకోవడానికే పది నిమిషాలు, తట్టిఅన్నారం వెళ్లి రావడానికి ఇరవై. ఒకరు చెప్పులు వేసుకుంటూ ఆలస్యం చేస్తే అది ముగ్గురి ఆలస్యమయ్యేది. ఒకరి విసుగు ఇంకొకరికి అంటుకునేది. ‘ఇక ఎవరి దారి వాళ్లది’ అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ ఆయన అన్నారు: ‘మీరు మా ఇళ్లకు రావద్దు, మేమే రోడ్డు మీదికి వస్తాం, బండి పెట్టుకోవడానికి ఒక చోటు చూడండి.’ ఆ మాటతో మా ప్రయాణం నిలబడింది. 7.40 దాటితే కారు కదులుతుంది, రానివారికి వారి బండి వారి దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత మా మధ్య ఆలస్యం గురించి ఒక్క మాట కూడా రాలేదు.

ఆ చోటు ఒక ఖాళీ ప్లాటు. పక్కనే టీ బండి, దాని పెద్దాయన ఉదయం నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. రోజూ నాలుగు టీలు తాగడం తప్ప ఆయనకు మేమేమీ ఇవ్వలేదు. ఆయనే బండ్లు చూసుకునేవారు. మొదటి వానాకాలం ఒక సాయంత్రం తిరిగివచ్చేసరికి మూడు బండ్లూ పడి ఉన్నాయి. ఎవరూ తోయలేదు. స్కూటీ సైడ్ స్టాండు తడిసిన మట్టిలోకి జానెడు దిగిపోయి, అది ఒరిగి పక్కదాన్ని, పక్కది దాని పక్కదాన్ని పడేసింది. స్కూటీ అద్దం విరిగింది. మర్నాడు ఆ పెద్దాయన ఎక్కడి నుంచో మూడు షాబాద్ బండ ముక్కలు తెచ్చి, నేలలో సమంగా పాతి, ‘స్టాండు దీని మీద వేయండి’ అన్నారు. అరచేయంత రాయి. ఆ తర్వాత ఒక్క బండి పడలేదు.

పోయిన సోమవారం వెళ్లేసరికి ప్లాటులో ముగ్గుతో గీతలు గీసి, నాలుగు మూలలా కొయ్యలు పాతి ఉన్నాయి. ఇల్లు కట్టుకుంటున్నారు. వారి స్థలం, వారి ఇష్టం, ఇన్నాళ్లు ఊరుకున్నందుకే వారికి దండం పెట్టాలి. అప్పటి నుంచి వెతుకుతున్నాను. సర్వీసు రోడ్డు మీద పెడితే రెండో రోజే జరిమానా పడింది. పైగా అక్కడ లారీలు వెనక్కి వస్తుంటాయి, బండి నుజ్జయినా తెలియదు. పెట్రోలు బంకు వారిని అడిగితే ‘గంటైతే సరే, రోజంతా అయితే కుదరదు’ అన్నారు. మిగిలింది ఒక్కటే ఆలోచన. హయత్‌నగర్ దాటినప్పటి నుంచి విజయవాడ రోడ్డుకు రెండు వైపులా ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి. వాటి ముందు ఎకరాల కొద్దీ చదును చేసిన నేల, ప్రహరీ, దీపాలు, వాచ్‌మన్. మామూలు రోజుల్లో పొద్దున పూట అంతా ఖాళీ.

ఎవరైనా అలా అడిగి ఒప్పించారా? యజమానిని ఏమని అడగాలి, ఎంత ఇవ్వాలి? బండి పోతే బాధ్యత ఎవరిది? మేం పెట్రోలు డబ్బు పంచుకోవడం చట్టం ముందు తప్పవుతుందా? ఇంకొకటి కూడా మనసులో ఉంది. ఔటర్ 158 కిలోమీటర్లు. ప్రతి కూడలి దగ్గర మాలాంటివారు చెట్ల కింద, గోడల పక్కన బండ్లు పెట్టి వెళ్తూనే ఉన్నారు. కూడలికి ఒక వంద బండ్ల చోటు చూపించండని ప్రభుత్వాన్ని అడగవచ్చు కదా? ఎవరైనా అడిగారా?

జవాబు 1: మేడ్చల్ రోడ్డు మేనేజరు

హయత్‌నగర్ వాసి గారికి. మీరు అడుగుతున్నదాన్ని నేను గేటుకు అవతలి వైపు నుంచి చూశాను. కొంపల్లి దాటాక ఒక ఫంక్షన్ హాలు నిర్వహణ నా పని. మా ముందున్న స్థలంలో 150 కార్లు పడతాయి. ఆషాఢం వచ్చిందంటే పెద్ద గేటు తాళం తీసే పనే ఉండదు. భాద్రపదం, పుష్యం కూడా అంతే. గురు మూఢమో శుక్ర మూఢమో పడితే మంచి మాసాల్లో కూడా ఖాళీయే. కాబట్టి మీ ఆలోచన సరైనదే. మూడేళ్లుగా మా దగ్గర పదిహేను మంది బండ్లు పెట్టుకుంటున్నారు, అందరూ కండ్లకోయ దగ్గర ఔటర్ ఎక్కేవారే.

అయితే ముందే చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. మొదటి ఏడాది శ్రావణంలో ఒక సాయంత్రం రిసెప్షన్. మధ్యాహ్నం మూడింటికే పూల అలంకరణ వారి వ్యాను, వంటవారి లారీ, జనరేటర్ వచ్చేశాయి. ఏడింటికల్లా అతిథుల కార్లు ఒకదాని వెనుక ఒకటి సర్దేశాం. ఏడున్నరకు ఒకాయన ఆఫీసు నుంచి దిగి తన మోటార్‌సైకిల్ అడిగారు. అది గోడకు ఆనుకుని ఉంది, దాని ముందు నాలుగు వరుసల కార్లు. ఆయన ఇంట్లో చంటిపాపకు జ్వరం. మైకులో ఒక్కొక్క కారు నంబరూ చదివాం, సన్నాయి మోతలో ఎవరికీ వినిపించలేదు. చివరికి నేను భోజనాల పంక్తి వెంట తిరిగి, ఎంగిలి చేతులతో ఉన్నవారిని లేపుకొచ్చి కార్లు తీయించాను. ఆయన ఒక్క మాట అనలేదు, కానీ ఆయన ముఖం చూసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి మా పద్ధతి మార్చాం. వెనుక గేటు వైపు ప్రహరీ వెంట ఒక వరుస బండ్లకు వదిలేశాం, అక్కడికి అతిథుల కార్లు రానివ్వం. ఎన్ని పెళ్లిళ్లున్నా ఆ దారి తెరిచే ఉంటుంది. కార్లు పెట్టుకునేవారికి మాత్రం ముహూర్తం రోజుల్లో చోటు లేదు. బుకింగులు మాకు నెలల ముందే తెలుస్తాయి కాబట్టి ప్రతి నెలా ఆ తేదీలు కాగితం మీద రాసి గేటుకు అంటిస్తాం. మీరు అడగబోయే చోట కూడా మొదటి మాటగా వెనుక గేటు ఉందా అని చూడండి. లేకపోతే ఒప్పందం మూడు నెలలు కూడా నిలవదు.

యజమానులు జంకేది బండి పోతుందని కాదు. ‘ఇవాళ నలుగురు, రేపు నలభై మంది, ఎల్లుండి మేం ఇన్నేళ్లుగా ఇక్కడే పెడుతున్నాం అంటారు’ అన్నది వారి భయం. ఈ ఊళ్లో భూమి ఉన్న ప్రతివారికీ ఆ భయం ఉంటుంది, అది న్యాయమైనదే. కాబట్టి మీరే ముందుగా రాసి ఇవ్వండి: ఫలానా బండ్లు, ఫలానా వేళలు, ఖాళీ చేయమన్న వారంలో ఖాళీ చేస్తాం. మా దగ్గర నెలకు బండికి 300 తీసుకుంటాం, రసీదు ఇస్తాం. డబ్బు వాచ్‌మన్ చేతికి ఇవ్వకండి. వాచ్‌మన్ మారిన రోజున మీరు ఎవరో ఎవరికీ తెలియదు. అతనికి పండుగకు విడిగా ఏమైనా ఇవ్వండి, అది వేరే.

జవాబు 2: ఉప్పల్ టీచరమ్మ

నేను భువనగిరి అవతల ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఉప్పల్ వైపు నుంచి ఐదుగురు ఉపాధ్యాయులం దారిలో బండ్లు ఆపి ఒక కారులో వెళ్తాం, మూడు వేర్వేరు బడులు. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు బస్సు ఉచితం, నాకు ఆ బస్సు అంటే గౌరవం, చాలా రోజులు దానిలోనే వెళ్లాను. కానీ అది నన్ను వరంగల్ రహదారి మీద దించుతుంది. మా బడి అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లు లోపల. ఆటో దొరికిన రోజు ప్రార్థనకు అందుకునేదాన్ని, దొరకని రోజు అందుకునేదాన్ని కాదు.

ఇక్కడ అందరూ బండి భద్రత గురించి రాస్తున్నారు. బండి యజమానురాలి గురించి కూడా రాయాలని నేను అనుకుంటున్నాను. మా మొదటి చోటు ఘట్‌కేసర్ దగ్గర ఒక గోదాము వెనుక. పగలు ఏ ఇబ్బందీ లేదు. డిసెంబరులో ఆరు దాటితే చీకటి. ఒక రోజు మిగతా నలుగురూ సెలవు పెట్టారు, నేను బస్సులో వచ్చి దిగి ఒంటరిగా గోదాము వెనక్కి నడిచాను. ఫోను దీపం వేసుకుని తాళం చెవి రంధ్రం వెతుకుతుంటే చేతులు వణికాయి. ఎవరూ లేరు, ఏమీ జరగలేదు. అయినా మర్నాటి నుంచి నేను అక్కడ బండి పెట్టలేదు, నెల రోజులు కారు కూడా మానేశాను. నాతో పాటు ఇంకొకావిడ మానేశారు. అలా ఐదుగురిలో ఇద్దరు తగ్గితే మిగిలిన ముగ్గురికి ఖర్చు పెరిగింది, ఇంకొకరు మానేశారు. ఒక్క దీపం లేక మా ఏర్పాటంతా దాదాపు పోయింది.

కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు మీ అకౌంట్స్ ఆవిడను వెంట తీసుకెళ్లండి, అదీ సాయంత్రం ఏడున్నరకు తీసుకెళ్లండి. పొద్దున చూసి వచ్చి ‘బాగుంది’ అనకండి. రోడ్డు నుంచి బండి దాకా ఎన్ని అడుగులు, ఆ అడుగులన్నీ వెలుతురులో ఉన్నాయా, ఎవరైనా పిలిస్తే పలికే మనిషి ఉన్నారా. వాడుకోదగిన మరుగుదొడ్డి ఉంటే అది మరీ మంచిది. గంటంపావు ప్రయాణం చేసి వచ్చిన ఆడవారికి దాని విలువ తెలుస్తుంది. ఫంక్షన్ హాలులో ఇవన్నీ ఉంటాయి, అందుకే మీ ఆలోచన నాకు నచ్చింది.

మేం ఇప్పుడు ఒక పాల కేంద్రం పక్కన పెడుతున్నాం. అది రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది, పాలు పోసే అమ్మ నన్ను చూసి ‘వచ్చావా బిడ్డా’ అంటుంది. ఆ మాట వినిపించే చోటు దొరికితే ఇక వెతకవద్దు.

జవాబు 3: విశ్రాంత బీమా సర్వేయరు

చట్టం గురించి అడిగారు. నేను వకీలును కాను, ముప్పై ఏళ్లు ప్రమాదాల నష్టం లెక్కకట్టాను. ఆ అనుభవంతో చెబుతాను.

తెల్ల నంబరు పలక మీద కిరాయి తీసుకోవడం తప్పు. 1988 మోటారు వాహనాల చట్టంలో 66వ సెక్షన్ పర్మిట్ అడుగుతుంది. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే 192ఏ కింద మొదటిసారికే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండవచ్చు. ఎల్బీనగర్‌లో నిలబడి ‘విజయవాడ, విజయవాడ’ అని పిలిచి ఎక్కించుకునే సొంత కార్లు ఈ కోవలోకి వస్తాయి. మీరు చేస్తున్నది అది కాదు. తెలిసిన నలుగురు, ఎవరి పనికి వారు వెళ్తూ, అయిన పెట్రోలు, టోలు మాత్రమే పంచుకుంటున్నారు. అయితే ఆ తేడా మీ మనసులో ఉంటే చాలదు, కాగితం మీద కనిపించాలి. మీ అకౌంట్స్ ఆవిడ నోటు పుస్తకం చాలా విలువైనది, పారేయకండి. ‘సీటుకు ఇంత’ అని గుండుగుత్తగా ఒక రేటు ఎప్పుడూ పెట్టకండి, అయిన ఖర్చునే భాగించండి. రోజుకొక కొత్త మనిషిని ఎక్కించుకోకండి.

ఇంతకంటే ముఖ్యమైనది మీ పాలసీ. ఇవాళే బీరువాలోంచి తీసి చూడండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీ అయితే కారులో మీ పక్కన కూర్చున్నవారికి అది రక్షణ ఇవ్వదు. సమగ్ర పాలసీ అయితే సొంత కారులో ప్రయాణించేవారికి వర్తిస్తుంది. దానికి తోడు ప్రయాణికులకు వ్యక్తిగత ప్రమాద బీమా కొద్దిపాటి అదనపు ప్రీమియంతో చేర్చుకోవచ్చు. మీ వెనుక సీట్లో ముగ్గురి ఇళ్లు కూర్చున్నాయి. ఔటర్ మీద 120 వేగం దాకా అనుమతి ఉంది, అంత వేగంతో వెళ్లాలని ఎక్కడా లేదు. వెనుక కూర్చున్నవారు కూడా సీటు బెల్టు పెట్టుకోవాలి. నేను చూసిన కేసుల్లో ముందువారు బతికి వెనుకవారు పోయినవి ఉన్నాయి. ఈ మాట ఊరికే రాయడం లేదు.

బండి పోతే ఎవరిది బాధ్యత అన్నది తాళం ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి చాలా వరకు తేలుతుంది. తాళం వారికి అప్పగించి టోకెన్ తీసుకుంటే, వస్తువును భద్రంగా చూస్తామని వారు తీసుకున్నట్టే. ఒక హోటల్లో సిబ్బందికి తాళం ఇచ్చిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు కూడా, సొంత నిర్లక్ష్యం ఉన్నప్పుడు ‘యజమాని పూచీ మీదే’ అని టోకెన్ మీద అచ్చు వేసినంత మాత్రాన తప్పించుకోలేరని చెప్పింది. తాళం మీ జేబులోనే ఉంచుకుని స్థలం మాత్రం వాడుకుంటే అంత బాధ్యత వారి మీద పెట్టడం కష్టం. నా సలహా ఏమిటంటే తాళం మీ దగ్గరే ఉంచుకోండి, బండ్లకు దొంగతనం కూడా వర్తించే పాలసీ తీసుకోండి, ఫంక్షన్ హాలు వారిని పూచీ అడగకండి. అడగకపోతేనే వారు ఒప్పుకుంటారు.

జవాబు 4: తులూజ్ తెలుగువాడు

నేను పుట్టి పెరిగింది రామంతాపూర్‌లో, ఇప్పుడు ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పని. ఇక్కడ దీన్ని ‘కోవాతురాజ్’ అంటారు. మోటారు రహదారి దిగే చోట, చాలాసార్లు టోలు గేటుకు ఇవతలే, కలిసి వెళ్లేవారి కోసం చిన్న పార్కింగు స్థలాలు ఉంటాయి. రహదారి నడిపే సంస్థలు, స్థానిక పాలక సంస్థలు కలిసి కట్టినవి, ఎక్కువగా ఉచితం. పెద్ద హంగేమీ ఉండదు. తారు వేసిన నేల, గీతలు, దీపాలు, ఒక బోర్డు. మా సహోద్యోగులు అక్కడ నాలుగు కార్లు ఆపి ఒక కారులో ఎక్కుతారు.

సర్వేయరు గారు చెప్పిన తేడాను ఇక్కడి రవాణా స్మృతి స్పష్టంగా రాసింది: ఖర్చు పంచుకోవడం తప్ప లాభం లేకుండా డ్రైవరు తన సొంత ప్రయాణంలో ఇతరులను కలుపుకుంటే అది కోవాతురాజ్. 2019 డిసెంబరులో వచ్చిన రవాణా చట్టం దీనికి మరింత ఊతమిచ్చింది. 2020 చివర్లో లియాన్ నగరంలోకి వచ్చే ఎం6, ఎం7 రహదారుల మీద ఇద్దరు, అంతకంటే ఎక్కువ మంది ఉన్న కార్లకు రద్దీ వేళల్లో ఒక వరుస కేటాయించారు, తెల్లటి డైమండ్ గుర్తు వెలిగితే ఒంటరి డ్రైవరు అందులోకి వెళ్లకూడదు.

కానీ నేను రాయాలనుకున్నది ఒక ఇనుప కమ్మీ గురించి. ఇక్కడి చాలా స్థలాల ప్రవేశం దగ్గర తల మీదుగా అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది. కారు దూరుతుంది, లారీ దూరదు. మొదట అది నాకు అనవసరం అనిపించింది. పెద్ద అంబర్‌పేట గుర్తొచ్చాక అర్థమైంది. మన దగ్గర రహదారి పక్కన చదును చేసిన నేల ఎక్కడ కనిపించినా రాత్రికి లారీలు నిండుతాయి. పాపం వారికీ వేరే చోటు లేదు. కమ్మీ లేకపోతే వంద బండ్ల స్థలం మూడో రోజుకు పది లారీల స్థలమవుతుంది. ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు దీన్ని మరిచిపోకండి.

ఇంకో సంగతి. ఇక్కడి స్థలాలు కార్ల కోసం గీసినవి. వాటిని చూసి మన దగ్గర అలాగే గీస్తే తప్పు. మీ నలుగురిలో మూడు బండ్లు, ఒక కారు. కాబట్టి కారు కదిలిపోయాక మిగిలేవి ద్విచక్ర వాహనాలే. ఒక కారు పట్టే చోట అవి నాలుగైదు పడతాయి. మనకు కావలసిన స్థలం వారికి కావలసిన దానికంటే చాలా చిన్నది. ఈ ఒక్క లెక్క అధికారులకు చూపిస్తే సగం అభ్యంతరాలు పోతాయని నా నమ్మకం.

మళ్లీ: హయత్‌నగర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెప్పడం నా బాధ్యత.

మేనేజరు గారు చెప్పినట్టే వెనుక గేటు ఉన్న ఫంక్షన్ హాళ్లు వెతికితే నాలుగింటిలో ఒకటి దొరికింది. టీచరమ్మ గారు చెప్పినట్టే అకౌంట్స్ ఆవిడను తీసుకుని సాయంత్రం ఏడున్నరకు వెళ్లాం. ఆవిడ రోడ్డు దగ్గర దిగి, నన్ను కారులోనే ఉండమని, ఒంటరిగా గోడ దాకా నడిచి వెళ్లి వచ్చారు. తిరిగి వచ్చి, ‘ఆ మూల దీపం ఒక్కటి వెలగడం లేదు, అది వేయిస్తే నాకు సరే’ అన్నారు. యజమాని పెద్దాయన అదే నిమిషంలో ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేశారు. రాసి తీసుకెళ్లిన కాగితం చదివి, ‘ఖాళీ చేయమంటే వారంలో చేస్తారా?’ అని రెండుసార్లు అడిగారు, సంతకం పెట్టారు. బండికి నెలకు 250. తాళాలు మా దగ్గరే.

పాలసీ తీసి చూశాను. నాది థర్డ్ పార్టీ మాత్రమే. పాత కారు కదా అని నాలుగేళ్ల కిందట మార్పించాను. రెండేళ్లుగా ముగ్గురిని వెంటబెట్టుకుని అలా తిరిగానని తెలిసి కాళ్లు చల్లబడ్డాయి. మర్నాడే కారు తనిఖీ చేయించి సమగ్ర పాలసీ తీసుకున్నాను, ప్రయాణికుల బీమా కూడా చేర్పించాను. ఇది చదువుతున్న ప్రతి కారు యజమానీ దయచేసి ఇవాళ ఆ ఒక్క పని చేయండి.

ఇక రంగారెడ్డి కలెక్టరేటు కొంగర కలాన్‌లో ఉంది, ఔటర్‌కు దగ్గరే. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వడానికి మేం నలుగురం అరపూట సెలవు పెడుతున్నాం. పెద్ద అంబర్‌పేట కూడలి దగ్గర వంద ద్విచక్ర వాహనాలకు చోటు, రెండు దీపాలు, ప్రవేశం దగ్గర అడ్డకమ్మీ. అంతే అడుగుతున్నాం. తులూజ్ ఆయన లెక్కను బొమ్మ గీసి జత చేశాం. ఘట్‌కేసర్, తుక్కుగూడ, బొంగుళూరు వైపు వారు ఎవరైనా తమ కూడలికి కూడా అర్జీ ఇవ్వాలనుకుంటే రాయండి, మా కాగితం నకలు పంపుతాను.

పాత ప్లాటులో పునాది తవ్వకం మొదలైంది. టీ బండి పెద్దాయన తన బండిని ఫంక్షన్ హాలు ఎదుటికి జరపగలరేమో అడిగాం, ఆలోచిస్తానన్నారు. నిన్న సాయంత్రం మేం వెళ్లేసరికి మట్టి కుప్ప పక్కన ఆ మూడు బండ ముక్కలూ కడిగి, ఒకదాని మీద ఒకటి పేర్చి మా కోసం ఉంచారు. కొత్త చోట వెనుక గేటు వైపు నేల సిమెంటుది కాదు, మట్టిదే. రేపు పొద్దున వాటిని పాతుతాం.